యంత్రపు పలకపై పసుపు మరక

మూడేళ్ళ కిందట నా కుడి రొమ్ము వాచి, గట్టిపడి, చీము పట్టింది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సర్ కాదని తేలింది. దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు. అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది, కనిపెట్టి ఉండాలి అన్నారు. ఆ సూది గాయం మానడానికే నాలుగు నెలలు పట్టింది. అందుచేత ఏటేటా రొమ్ము ఎక్స్‌రేకు వెళ్ళేటప్పుడు నేను కోరుకునేది ఒక్కటే: మళ్ళీ సూది పడకూడదు.

పాఠశాలలో పనిచేసినంత కాలం ప్రార్థనకు ముందు పిల్లల గోళ్ళు, మెడలు పరిశీలించినదాన్ని. నియమమంటే నాకు గౌరవం. పరీక్షా కేంద్రం వారు బర్మీస్‌లో ఇచ్చిన సూచనల కాగితాన్ని ఎర్రగీతలు గీసి మరీ చదివాను. పౌడరు వద్దు, అత్తరు వద్దు, గొలుసు వద్దు. మూడూ పాటించాను. పాత ఎక్స్‌రే ఫిల్ములను తేదీల వరుసలో సంచిలో సర్దుకుని, కోడలితో కలిసి మేముండే తాకేటా పేటలో తొలి బస్సు ఎక్కాను.

కేంద్రానికి చేరేసరికి కరెంటు లేదు. జనరేటరు అందుకునేదాకా బల్లపై కూర్చున్నాం. ఆ తరువాత ముప్పై ఏళ్ళు కూడా నిండని సాంకేతికురాలు నన్ను లోపలికి పిలిచి, బర్మీస్‌లో మర్యాదగా మాట్లాడుతూ నాలుగు చిత్రాలు తీసింది. తీసినవి చూసి డాక్టరును పిలుచుకువచ్చింది. ఆయన నా పాత ఫిల్ములను పక్కన పెట్టి చాలాసేపు పోల్చారు. కింది భాగంలో తెల్లని చుక్కలు గుంపుగా కొత్తగా కనిపిస్తున్నాయనీ, సూదితో చూడవలసి రావచ్చుననీ చెప్పి, బయట కూర్చోమన్నారు.

"ఏటన్నారు అత్తా?" అని కోడలు లేచి నిలబడింది.

"చుక్కలున్నాయట. సూది వేయాలేమోనట."

"అన్నీ వరసలో పెట్టినావు గదా, ఆ చుక్కలు నీకు సెప్పకుండా ఎలాగొచ్చేసినాయే?" అంది. నవ్వించాలనే అంది గాని, పట్టుకున్న నా చేయి వదలలేదు. నేను నవ్వలేదు. ఆ నాలుగు నెలల కట్లు, ఆ వాసన, ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వస్తున్నాయి. ఈసారి తేలేది వాపు కాకపోతే?

అంతలో చిత్రాలు తీసిన ఆ అమ్మాయే బయటికి వచ్చింది. చేతిలో తడిగుడ్డ, దానిపై పసుపు మరక. మా మాటలు విన్నదేమో, ఈసారి తెలుగులోనే అడిగింది.

"అమ్మమ్మా, మీరు తెలుగోలా? మెషీన్ పలక తుడిస్తే ఇదొచ్చింది. ఏటి రాసుకున్నారు?"

"మందు. పాత మచ్చ దురద పెడితే రాసుకుంటాను."

"తనకాలో పసుపు కలిపినారా? మా మామ్మా అలాగే కలుపుతాది, రాతిమీద అరగదీసి."

ఈ ఊళ్ళో అందరూ బుగ్గలకు పూసుకునే తనకా చెక్క గంధంలో చిటికెడు పసుపు కలపడం మా తెలుగు ఇళ్ళలో అలవాటు. మా అమ్మ చేసేది, నేనూ చేస్తాను.

"కాగితంలో పౌడరు వద్దన్నారు. ఇది పౌడరు కాదు," అన్నాను.

"ఆరిపోతే ఏటవుతాది మరి?"

కోడలు నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ అమ్మాయి నన్ను మళ్ళీ లోపలికి తీసుకువెళ్ళి, దీపం దగ్గరకు లాగి, రొమ్ము కింది మడతను మూడుసార్లు తుడిచింది. నేను పిల్లల మెడలు చూసిన తీరులోనే చూసింది. మళ్ళీ చిత్రాలు తీసింది. చుక్కలు లేవు. ఆరిన గంధమో, అరగదీసిన రాతి పొడో మడతలో నిలిచి అలా కనిపించిందని డాక్టరు అన్నారు. పాత వాపు నిరుటికన్నా తగ్గిందట. సూది అవసరం లేదట.

మొదటిసారి చిత్రాలు తీయడంతోనే ఆ అమ్మాయి పని ముగిసింది. గుడ్డ ఉతకడానికి పడేసి ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె గుడ్డ వైపు చూసింది, తన మామ్మను తలచుకుంది, వచ్చి అడిగింది. అందుకు నేను కృతజ్ఞురాలిని.

"అందరి మెడలూ సూసినావు, నీది సూసేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికినారు అత్తా," అంది కోడలు. మామూలుగా అయితే మందలించేదాన్ని.

ఎర్రకలం తీసి, నా కాగితంలో మూడవ నియమం కింద బర్మీస్‌లో, తెలుగులో నాలుగవది రాశాను: తనకా వద్దు, పసుపు వద్దు. ఆ అమ్మాయి దాన్ని అందుకుని బట్టలు మార్చుకునే గది తలుపుకు అంటించింది. కొంచెం వంకరగా అంటించింది. సరిచేయమని నేను అనలేదు.