కొలవని కర్ర

చేతికర్రలు చేసే మేస్త్రి కొట్లో ఉన్నది ఒక్క రకం కర్రే. మనిషిని బట్టి దాని రూపం మారేది. కాపలావాళ్లకు చివర ఇనుప పొన్ను తొడిగి బరువుగా ఇచ్చేవాడు. చూపు లేనివాళ్లకు సన్నగా చెక్కి తెల్లరంగు పూసేవాడు. కీళ్లనొప్పులవాళ్లకు పిడికి గుడ్డ చుట్టి, అడుగున రబ్బరు తొడిగేవాడు. ఎవరొచ్చినా చెప్పులతో నిటారుగా నిలబెట్టి, మణికట్టు నుంచి నేలదాకా దారం పట్టి కొలిచేవాడు.

"పోయినేడే కొలిచావు కదయ్యా!" అని ఎవరైనా విసుక్కుంటే, "కర్ర తరగదండీ, మనిషి తరుగుతాడు" అనేవాడు.

అతని భార్యకు మోకాళ్లు పట్టేశాయి. వీధి చివర ఉన్న అక్కతో సాయంత్రాలు కబుర్లాడటం ఒక్కటే ఆమెకున్న సరదా. అక్క కాళ్లూ అంతంతమాత్రమే కాబట్టి ఈమే వెళ్లాలి. వెళ్లి రెండు నెలలైంది.

"ఊరందరినీ నడిపిస్తావు. నేను మాత్రం గోడ పట్టుకు దేకాలి" అని దెప్పింది.

"నీకు చెయ్యడమెంతసేపే? రేపు మీ అక్క గుమ్మం ఎక్కుతావు చూడు."

"కొలత?"

"నలభై ఏళ్లుగా చూస్తున్నా. నీకు కొలతేమిటి?"

పెళ్లయిన కొత్తలో ఆమె అతని చెవిదాకా వచ్చేది. అతని కళ్లలో ఆ ఎత్తే ఉండిపోయింది. దాని ప్రకారమే కోశాడు. కర్ర ముచ్చటగా కుదిరింది. ఆమె మురిసిపోతూ బయల్దేరింది.

తిరిగొచ్చేటప్పుడు అక్క ఇంటి మెట్టు మీద పట్టు జారి పడింది. తుంటి విరిగింది. ఇక నడక లేదన్నాడు డాక్టరు.

"కర్ర ఎత్తు ఎక్కువైందని చెప్పొచ్చు కదే?" అన్నాడు మేస్త్రి, మంచం పక్కన కూర్చుని.

"రెండడుగులకే తెలిసింది. అంత ఇష్టంగా చేశావు, ఏమనను?" అని ఆమె అటు తిరిగింది. మూలనున్న కర్ర చూపించి, "అక్కకు సరిపడేలా కొయ్యి. నేనెలాగూ వెళ్లలేను, తనన్నా వస్తుంది" అంది.

మర్నాడు అతను కర్ర, రంపం పట్టుకుని వదినగారింటికి వెళ్లాడు. దారం తియ్యగానే ఆవిడ నవ్వింది.

"ఇన్నేళ్లుగా చూస్తున్నావు, నాకు కొలతెందుకు మరిదీ?"

అతను నేలమీద చతికిలబడి, దారం కొస ఆవిడ చెప్పు పక్కన ఆనించాడు. మణికట్టుదాకా పట్టి కొలిచాడు. మళ్లీ మొదటినుంచీ కొలిచాడు.