జాగా పట్టిన కుర్చీ

చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే పుస్తకం పెట్టి జాగా పట్టకపోతే ఇక కుర్చీ దొరకదు. తొంభై ఆరులో అంబిక రోజూ రెండు కుర్చీలు పట్టేది. ఒకటి తనకు, ఇంకోటి అశోక్ నగర్ హాస్టల్లో బారెడు పొద్దెక్కాక లేచి వచ్చే కరుణాకర్‌కు. ఇద్దరిదీ ఎంబీఏ ఎంట్రెన్సే. ఒకే ఇంగ్లీషు గ్రామర్ గైడు ముందేసుకుని, ఏ వాక్యంలో ఎక్కడ తప్పుందో వెతుకుతూ, లైబ్రేరియన్ గద్దించేదాకా కొట్లాడుకునేవాళ్లు.

ఏప్రిల్‌లో కామెర్లతో ఊరికి పోయిన కరుణాకర్ ఇక లేడని కబురొచ్చింది. అంబిక ఏడవలేదు. మర్నాడు ఆ గైడు తీసుకెళ్లి అతని కుర్చీలోనే పెట్టింది. "ఎవరన్నా ఉన్నరా అక్కా?" అని ఎవరడిగినా "వస్తడు" అని కసిరేది. ఒక్కతే ప్రశ్నలు చేస్తుంటే, ప్రతి జవాబు దగ్గరా "గట్లెట్లయితది?" అని పక్క కుర్చీ అడ్డం తగిలేది. ఆమె గొణుగుతూ దానికి నచ్చజెప్పేది. చూసినవాళ్లు దూరం జరిగి కూర్చునేవాళ్లు.

పరీక్ష నారాయణగూడలో ఒక కాలేజీలో పడింది. ఇద్దరూ దరఖాస్తులు ఒకేసారి ఇచ్చారు కదా, నంబర్లు వరసగా వచ్చాయి. పక్క బల్ల మీద సుద్దముక్కతో రాసి ఉన్నది అతని నంబరే. గైడు లోపలికి తేనివ్వలేదు. అంబిక తన చేతిరుమాలు తీసి ఆ బల్ల మీద పరిచింది.

పర్యవేక్షణకు వచ్చిన మాస్టారు ఆ బల్ల దగ్గర ఆగాడు. "ఈ అబ్బాయి రాలేదా అమ్మా? ఆబ్సెంట్ వేసేయనా?"

"జర ఆగుండ్రి సార్," అంది అంబిక. "వాడెప్పుడూ లేటే వస్తడు."