వదిన వాయించిన పాట

వేరుశనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ మా వదిన మధ్యలో ఆగి, ఎడమ చేతి వేళ్లతో మోకాలి మీద ఏదో నొక్కుతూ ఉండేది. అదేమిటని నేను చాలా రోజులు పట్టించుకోలేదు.

గిటార్ మా అన్నది. శనక్కాయ బాగా పండిన ఏడు బెంగళూరులో కొన్నాడు. ఎలక్ట్రిక్‌ది కొనాలని అతని ఆశ. "మన మంగళవాడలో కరెంటు యాడుంటాది? ఉత్త కట్టె గిటారే తెచ్చుకో" అని వదినే చెప్పింది. ఆ తర్వాత రెండేళ్లు వానల్లేవు, చేనిలో పని లేదు. అన్న రోజంతా అరుగు మీద వాయించేవాడు. ఒక్క పాటా చివరిదాకా వచ్చేది కాదు.

ఒకరోజు అన్న పావగడకు పోయినప్పుడు వదిన ఆ గిటార్ తీసి, మోకాలి మీద నొక్కినట్టే తీగలు నొక్కుతూ, కలుపు తీసేటప్పుడు మేం పాడుకునే పాట మొత్తం వాయించింది. నా ఒళ్లు పులకరించింది. అన్న ఇంట్లో అడుగు పెట్టగానే ఆగలేక, "అన్నా, నీకన్నా వదినే బాగా వాయిస్తాది!" అన్నాను.

"ఔనా? ఏదీ, వాయించు చూస్తాం" అన్నాడు నవ్వుతూ.

వదిన సంబరంగా వాయించింది. పాట అయ్యేదాకా అన్న కదలకుండా విన్నాడు. తర్వాత కటింగ్ ప్లేయర్ తెచ్చి, గిటార్ ఆమె ఒళ్లో ఉండగానే ఆరు తీగలూ ఒక్కొక్కటే కత్తిరించాడు. ఒక తీగ ఎగిరి ఆమె చెంప చీరింది.

"ఇప్పుడు వాయించు" అన్నాడు.

వారం తర్వాత కొత్త తీగలు వేసి, ఇరుగుపొరుగును కూర్చోబెట్టుకుని వాయించాడు. వదిన కాఫీలు తెచ్చింది. "చెంప మీద ఆ గాటు ఏందమ్మా?" అని పక్కింటావిడ అడిగింది.

"గిటార్‌ను ముట్టుకోబోయినాది, అది కరిచినాది" అన్నాడు అన్న.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.