మా కోచ్ పేరు మీద నేను వేసిన ఓటు

నాకు బాస్కెట్‌బాల్ ఆడటం రాదు. చిన్నప్పుడు ఆ బంతి ముట్టుకున్న పాపాన కూడా పోలేదు. అయినా న్యూజెర్సీలో ఒక చిన్న కాలేజీ జిమ్‌లో, కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని, బంతి ఎవరు వేశారు, ఎవరు అందించారు, ఎవరు పోగొట్టారు అని కంప్యూటర్‌లో ఎక్కించడం నా ఉద్యోగం. ఇండియాలో డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. మా ఆయన హెచ్ వన్ వీసా మీద వస్తుంటే వెంట వచ్చి, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో నాలుగేళ్లు గోడలు చూస్తూ కూర్చున్నాక వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. దొరికిన మొదటి పని ఇదే. లెక్కలు వస్తే చాలు, ఆట మేము నేర్పుతామన్నారు. మొదటి నెలంతా ఏడుపొచ్చింది గానీ నేర్చుకున్నాను.

మా లీగ్‌లో ఎనిమిది కాలేజీలు. టీవీలో కనిపించే జట్లు కావు. మ్యాచ్‌కి వచ్చేది ఆటగాళ్ల తల్లిదండ్రులు, గర్ల్‌ఫ్రెండ్‌లు, వేడి వేడి పాప్‌కార్న్ కోసం వచ్చే ఒకరిద్దరు ప్రొఫెసర్లు. అయినా ఏటా సీజన్ చివర మగపిల్లల జట్లన్నిటిలోంచి ఆ ఏటి ఉత్తమ ఆటగాణ్ని ఎన్నుకుంటారు. ఎనిమిదిమంది కోచ్‌లకి తలో ఓటు. సొంత జట్టువాడికి వేయకూడదు. ఓట్లు సమానంగా వస్తే అవార్డు ఇద్దరికీ ఇస్తారు. మా కాలేజీకి ఆ అవార్డు ఎప్పుడూ రాలేదు.

నేను చెప్పబోయే ఏడాది వచ్చేలా కనిపించింది. ఆఖరి సంవత్సరం చదువుతున్న గార్డ్, అంటే బంతిని నడిపించే ఆటగాడు, ఒకడు మాకు ఉండేవాడు. జట్టులో అందరికంటే పొట్టి. బంతి చేతిలో ఉంటే మిగతా నలుగురూ ఎక్కడుండాలో కళ్లతోనే చెప్పేవాడు. పోర్చుగల్‌లో ఏదో చిన్న క్లబ్‌కి ఆటగాళ్లని చూసిపెట్టే ఏజెంట్ ఒకాయన అతనితో మాట్లాడుతున్నాడు. ఇంత చిన్న లీగ్ నుంచి వచ్చేవాళ్ల వీడియోలు ఎవరూ చూడరని, రెజ్యూమెలో లీగ్ ఉత్తమ ఆటగాడు అన్న ఒక్క లైన్ ఉంటే తను క్లబ్‌వాళ్లకి చూపించగలనని చెప్పాడట. ఆ మాట అతనే మా ఆఫీస్‌కొచ్చి నాతో చెప్పాడు. ఆ ఒక్క లైన్ మీద వాడు ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకు బాగా తెలుసు. తెలియదని బుకాయించే వీలు నాకు లేదు.

వాడికీ నాకూ అంతకుముందు ఒక చిన్న పేచీ నడిచింది. ఈ ఆటలో అసిస్ట్ అని ఒకటుంది. నువ్వు అందించిన బంతి అవతలివాడు వెంటనే బుట్టలో వేస్తే నీ ఖాతాలో ఒక అసిస్ట్. వెంటనే అంటే ఎంత వెంటనే అన్నది బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఇష్టం. అంటే నా ఇష్టం. ఒకరోజు మ్యాచ్ అయ్యాక వాడు తలుపు దగ్గర నిలబడి, మొహమాటపడుతూ అడిగాడు.

"మేడమ్, సెకండ్ హాఫ్‌లో కార్నర్‌కి ఇచ్చిన పాస్... అది అసిస్ట్ కాదా?"

వీడియో వెనక్కి తిప్పి చూపించాను. "చూడు. నీ పాస్ అందుకున్నాక అతను రెండుసార్లు బంతి నేలకి కొట్టి, ఒకణ్ని తప్పించుకుని వేశాడు. అది అతని కష్టం."

"ఓకే మేడమ్" అని వెళ్లిపోయాడు. ఇంకెప్పుడూ అడగలేదు.

నా తీరే అంత. స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దే రోజుల్లో, ముప్పై నాలుగు వచ్చిన పేపర్ని ముప్పై ఐదు చేయని మనిషిని నేను. పక్క బల్ల లెక్చరర్లు టీ తాగుతూ నన్ను చూసి నవ్వుకునేవారు. చీఫ్ ఎగ్జామినర్ వచ్చి "కొంచెం చూడండి మేడమ్" అని నా వెనక నిలబడితే, మళ్లీ మొదటి నుంచి చూసి, మళ్లీ ముప్పై నాలుగే వేసేదాన్ని. దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

సీజన్ అయిపోయింది. లీగ్ ఆఫీస్ నుంచి కోచ్‌కి బ్యాలట్ ఈమెయిల్ వచ్చింది. బయటివాళ్లకి తెలియని సంగతేమిటంటే, ఇలాంటి బ్యాలట్లు చాలా చోట్ల కోచ్‌లు నింపరు. నాలాంటి ఆఫీస్ మనిషికి తోసేస్తారు. మా కోచ్ కూడా అంతే. మంచివాడే, కాగితం పనంటేనే పారిపోతాడు. ఆ రోజు కొత్త ఆటగాళ్లని వెతకడానికి రిక్రూటింగ్‌కి వెళుతూ, కారు తాళాలు చేతిలో ఆడిస్తూ నా గది ముందు ఆగాడు.

"బ్యాలట్ మీకు పంపాను. ఎప్పటిలాగే మీరే నింపేయండి. ఈసారి మాత్రం కొంచెం ఆలోచించి నింపండి."

"ఆలోచించే నింపుతాను" అన్నాను. ఆయన ఏమంటున్నాడో నాకు అర్థం కాలేదనుకునేరు. బాగానే అర్థమైంది. మావాడికి గట్టి పోటీ ఒక్కడే, పక్క కౌంటీ కాలేజీ గార్డ్. మావాడికి ఎలాగూ వేయలేం. కనీసం ఆ పోటీవాడికి వేయకుండా మరెవరికో వేయమని ఆయన భావం. నాకు సర్రున కోపం వచ్చింది. నా వెనక మళ్లీ ఆ చీఫ్ ఎగ్జామినర్ వచ్చి నిలబడ్డట్టే అనిపించింది. ఎనిమిది జట్ల లెక్కలూ ముందేసుకుని కూర్చున్నాను. పాయింట్లలో ఇద్దరూ ఇంచుమించు ఒకటే. అసిస్టుల్లో పోటీవాడు బాగా ముందున్నాడు. మావాణ్ని పక్కన పెట్టాక మొదటి పేరు అతనిదే. పెట్టకపోయినా అతనిదే. ఆ పేరు మీద క్లిక్ చేసి పంపించేసి, హాయిగా టిఫిన్ డబ్బా తెరిచి నిమ్మకాయ పులిహోర తిన్నాను.

వారం తిరక్కుండా ఓట్ల వివరం వచ్చింది. పోటీవాడికి నాలుగు, మావాడికి మూడు. మిగిలిన ఒక్కటి, డిసెంబర్‌లోనే మోకాలు దెబ్బతిని బెంచీ మీద కూర్చున్న ఇంకో కాలేజీ ఆటగాడికి. ఆ ఓటు ఎవరు వేశారో ఎక్కడా రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. మావాడికి వేయడం ఇష్టం లేని కోచ్ ఒక్కడే ఉన్నాడు, ఆ పోటీవాడి కోచ్.

నా ఓటు నేనూ అలాగే ఏ మోకాలు విరిగినవాడికో పారేసి ఉంటే మూడూ మూడూ. అవార్డు ఇద్దరికీ వచ్చేది. పోటీవాడి దగ్గర్నుంచి ఎవరూ ఏమీ లాక్కునేవాళ్లు కూడా కాదు. ఆ సంగతి అర్థమయ్యాక ఆ అంకెల్ని మళ్లీ మళ్లీ కూడుకున్నాను.

కోచ్ వచ్చాడు. అరవలేదు. "మీరు ఎవరికి వేశారు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. నా బల్ల మీది స్టేప్లర్‌ని పక్కకి జరిపాడు. "తప్పు నాదే. నా ఓటు నేను వేసుకోవలసింది" అని వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయనది కరీంనగర్. కోపమొస్తే ఆ ఊరు గొంతులోకి వచ్చేస్తుంది.

"నీకేమన్న దిమాక్ ఉందా? మా ఆఫీస్‌ల అప్రైజల్స్ ఎట్ల నడుస్తయనుకున్నవ్? ప్రతి మేనేజర్ ఆనోళ్లనే పుష్ చేస్తడు. ఒక్కడు ఫెయిర్‌గ రేటింగ్ ఇచ్చిండనుకో, ఆని టీమే మునుగుతది."

"అందరూ అలా చేస్తే ఇంక ఆ అవార్డుకి అర్థమేముంది?"

"అర్థం సంగతి నాకెందుకు? ఆ పోరని సంగతి చెప్పు."

గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను.

మర్నాడు పోటీవాడి మ్యాచ్‌ల వీడియోలు పెట్టుకుని చూశాను. అతని సొంత జిమ్‌లో ఆడినవి. చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. అతని పాస్ అందుకున్నవాడు మూడుసార్లు బంతి కొట్టి, ఆగి, వెనక్కి తిరిగి వేసినా అసిస్ట్ రాశారు. ఒక్క మ్యాచ్‌లోనే నేను ఇవ్వనివి నాలుగు లెక్కపెట్టాను. అక్కడి బల్ల మనిషి తన పిల్లాడికి చేతికొచ్చినట్టు ఇచ్చుకుంటూ పోయాడు. నేను ఇక్కడ మావాడికి కోసుకుంటూ పోయాను. ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి, న్యాయం చేస్తున్నాననుకుని ఓటు వేశాను. స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి వారంలో చెప్పే పాఠం, అంకె ఎవరు కొలిచారో, ఎలా కొలిచారో ముందు చూడమని. పదకొండేళ్లు అదే పాఠం చెప్పాను నేను. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఏజెంట్ ఆ తర్వాత ఫోన్ చేయలేదు. మావాడు ఇప్పుడు ఏదో కార్ ఇన్సూరెన్స్ ఆఫీస్‌లో చేస్తున్నాడని, శనివారాలు పార్కులో ఆడుతున్నాడని విన్నాను.

డిగ్రీ అయ్యి వెళ్లిపోయే ముందు వాడు ఒకసారి వచ్చాడు. నాలుగేళ్ల లెక్కలన్నీ ఒక కాగితం మీద ప్రింట్ చేసిమ్మన్నాడు. ఎవరికైనా పంపుకోవచ్చు కదా అన్నాడు. స్క్రీన్ మీద అవార్డ్స్ అన్నచోట 'ఫస్ట్ టీమ్' అని, అంటే లీగ్‌లోని మేటి ఐదుగురిలో ఒకడని, ఉంది. దాని పైన ఉండాల్సిన లైన్ లేదు. ప్రింటర్ వేడెక్కేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"మేడమ్, ఒకటి అడగనా?"

"అడుగు."

"కోచ్ ఓటు మీరే వేస్తారని మాకందరికీ తెలుసు. సొంతవాళ్లకి వేయకూడదన్న రూల్ లేకపోతే... నాకు వేసేవారా?"

ఆ రోజు నా స్క్రీన్ మీద ఏ పేరు మొదట ఉందో నాకు గుర్తుంది. రూల్ ఉన్నా లేకపోయినా ఆ పేరే. తర్వాత చూసిన వీడియోల సంగతి చెప్పాలంటే, నా పొరపాటు కూడా చెప్పాలి. ఓటు ఎవరికి పడిందో చెప్పాలి.

"నీకే వేసేదాన్ని" అన్నాను.

వాడి పక్షాన నిలబడాల్సిన రోజున, ఒక్క క్లిక్‌తో నిలబడగలిగిన రోజున, నేను బిగదీసుకుని కూర్చున్నాను. వాడికి ఎందుకూ పనికిరాకుండా పోయాక, ఇంత సులువుగా అబద్ధం చెప్పేశాను.

వాడి మొహం విప్పారింది. ఆ సీజన్ మొత్తంలో అంత సంతోషంగా వాణ్ని చూడలేదు.

"మా అమ్మకి చెప్తాను మేడమ్. మీరు ఊరికే ఎవరికీ ఏమీ ఇవ్వరని ఆవిడకి కూడా తెలుసు" అన్నాడు.

ప్రింటర్‌లోంచి కాగితం తీసి వాడి చేతికిచ్చాను.