వేలెడు తక్కువ బెత్తెడు

మా పక్కింటి పెద్దబాపు పోయాడని బుధవారం పొద్దున నిజామాబాద్ దవాఖాన నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. అప్పుడు నా బల్ల మీద ఆయన చేసిచ్చిన చెక్క పలకే ఉంది. మాకు చుట్టరికం ఏమీ లేదు. బోధన్‌లో మా రెండిళ్ల మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని పెద్దబాపు అనే పిలిచాను.

ఆయన వడ్రంగి. నేను టీవీలు బాగుచేస్తాను. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు నిజామాబాద్ బస్టాండు దగ్గర నిలబడి ఆడిన వీడియో గేమ్ డబ్బా లాంటిది సొంతంగా చేసుకోవాలని నాకు చాలా ఏళ్ల కోరిక. పాత టీవీ, లోపలి బోర్డు, తీగలు నా వంతు. చెక్క పని పెద్దబాపుది. జాయ్‌స్టిక్, బటన్లు బిగించే పలక కోసం తన ఇంటి పాత టేకు తలుపునే కోశాడు.

డ్రిల్లు స్విచ్చి వేసే ముందు కళ్లు మూసుకొని పెదాలు కదిపేవాడు. ప్రతిసారీ ప్రార్థనేనా అని అడిగితే, "గా వేలు పోయిననాడు మర్చిపోయిన" అనేవాడు. పడుచుతనంలో చెరుకు బండి వెనక చెక్క మీద పడి ఎడమచేతి చిటికెన వేలు తెగిపోయింది.

"జాయ్‌స్టిక్ చుట్టూ ఉన్న రేకు నుంచి బెత్తెడు వదిలి, బటన్లకు ఒకదాని కింద ఒకటి మూడు రంధ్రాలు" అని నోటిమాటగా చెప్పి దుకాణానికి వెళ్లాను. సాయంత్రానికి, డ్రిల్లుకు గుండ్రటి రంపం బిగించి కోసిన రంధ్రాలు నున్నగా తయారయ్యాయి. ఆడినట్టు చేతులు పెట్టి చూస్తే రెండు చేతులూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

"బెత్తెడంటే ఎంతనో తెల్వదా పెద్దబాపూ? గిన్నేండ్ల సంది ఏం పని చేసినవ్?"

ఆయన ఎడమచేయి పలక మీద ఆనించాడు. బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు. బొటనవేలు కాకుండా అక్కడ మూడే ఉన్నాయి. "నా బెత్తెడు గింతే కొడుకా. నీ బెత్తెడు కావాలంటే నీ చెయ్యి ఈడ పెట్టి పోవాలె."

"టేపు పెట్టి కొలవాలె గద!"

"నువ్వు టేపు పెట్టి చెప్పినవా?"

తలుపులకూ కిటికీలకూ ఆయన టేపే వాడేవాడు. నేను చేతి కొలత చెప్పాను, ఆయన చేయి పెట్టాడు. తప్పు నాది. ఆ మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. పలక చంకన పెట్టుకొని వచ్చేశాను.

బాగా పక్కకు పోయినా నయమే, కొత్త చోట కోసుకునేవాణ్ని. వేలెడు తప్పు చాలా చెడ్డది. కొత్త రంధ్రం పాతదాని మీదే పడుతుంది, డ్రిల్లుకు పట్టు దొరకదు. జాయ్‌స్టిక్‌నే జరుపుదామంటే డబ్బా అంచు అడ్డం. రంధ్రాల్లోంచి ఊడిన గుండ్రటి చెక్క బిళ్లలనే తిరిగి పెట్టి చూశాను. రంపం తిన్న మేర తగ్గి గలగలలాడాయి. కాస్త పెద్దవి కోసి బంకతో అతికించాను. గంట ఆగి డ్రిల్లు పెడితే రంపంతోపాటు బిళ్ల కూడా గిర్రున తిరిగింది. పీకాను, మళ్లీ పెట్టాను. మళ్లీ తిరిగింది. నాలుగు రోజులు ఇదే. ఒకసారి పలకను నేలకేసి కొట్టబోయి, ఆయన ఇంటి తలుపని గుర్తొచ్చి ఆగాను.

నాలుగో రోజు గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. "గా డ్రిల్లు ఏడుస్తున్నదిరా. సంపుతవా దాన్ని?"

పలక అందించాను. బిళ్లను గోటితో నొక్కి చూశాడు. "బంక ఆరాలె. నువ్వు సల్లారాలె. రెండింటికీ ఒక్క రాత్రి సాలు."

మర్నాడు, రంధ్రం ఉన్న చెక్కముక్క ఒకటి తెచ్చి పలక మీద బిగించాడు. రంపం ఆ రంధ్రంలోనే తిరిగింది, పక్కకు జారలేదు. కోసే ముందు నా చేయి పట్టుకొని పలక మీద పెట్టి, నా చిటికెన వేలి పక్కన పెన్సిల్‌తో గీసి, "ఈసారి నీ బెత్తెడే" అన్నాడు. రోజుకొకటే అన్నాడు. రెండో రోజు రెండోది కోశాం. మూడోది కూడా కోయడం పూర్తయ్యాక, తప్పు నాదని చెబుదామనుకున్నాను. పక్కిల్లే కదా, తొందరేముంది అనుకున్నాను. మూడో బిళ్లకు బంక పెట్టిన సాయంత్రమే ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది.

సమాధి దగ్గర మట్టి వేసి వచ్చి పలక ముందు కూర్చున్నాను. కోసిన రెండు చోట్లా, కొత్త రంధ్రం పక్కన పాత బిళ్ల నెలవంకలా మిగిలింది. దాని నడుమ నా చిటికెన వేలు సరిగ్గా పడుతుంది. మూడోది ఇంకా నిండు బిళ్లే. పక్కన ఆయన పెన్సిల్ గీత ఉంది. బంక ఎప్పుడో ఆరింది.