కౌలు చెల్కలో చెరువు మట్టి

ఇబ్రహీంపట్నం చెరువుకు ఎగువన, ఏటవాలుగా ఉన్న రెండెకరాల మెట్ట చెల్కను చాచా నోటిమాట మీద కౌలుకు చేసేవాడు. మా ఇంటికి రెండిళ్ల అవతలే వాళ్ల ఇల్లు. నేను భూసార పరీక్షల ల్యాబులో అటెండర్‌ని. రైతులు తెచ్చిన మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టడం నా పని. ఫలితాల కార్డులు చూసీ చూసీ నాకూ కాస్త తెలివి వచ్చిందనుకునేవాణ్ణి. ఆ తెలివే చాచా కొంప ముంచింది.

మొదటిసారి ఆయన చెల్క మట్టిని పరీక్షిస్తే, కార్డులో సేంద్రియ కర్బనం దగ్గర 'తక్కువ' అని వచ్చింది. రాదా మరి? ఏళ్ల తరబడి వానలకు పైమట్టంతా కొట్టుకుపోయి చెరువులో చేరింది. పైన మిగిలింది రాళ్లు కలిసిన గరుసు. ఆకులు, వేర్లు, పేడ కుళ్లి మట్టిలో నిలిచే సత్తువనే మా కార్డు కర్బనం అంటుంది.

"పోయిన మట్టి చెరువుల్నే ఉన్నది చాచా, తెచ్చుకో," అన్నాను పెద్ద మొనగాడిలా.

"పరాయి భూమికి గంత కష్టం ఎందుకు బేటా?"

"ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, ఇంకా పరాయిదేంది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఎండాకాలం చెరువు అంచు ఎండగానే చాచా ట్రాక్టర్‌తో పూడిక మట్టి తోలించాడు. మళ్లీ కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా ఒడ్లు, అంటే మట్టి గట్లు, కట్టాడు. పంట కోశాక, పెంటికలు పడతాయని గొర్రెల మందను చెల్కలోనే పడుకోబెట్టించాడు. జనుము చల్లి, పూతకు రాగానే ఎరువుగా మట్టిలో కలిసేలా దున్నేసేవాడు. చాచీ ఒకటే సణుగుడు: "ఈయన ఇంట్లోళ్లకు పెట్టుడు ఇడిసి మట్టికి తినవెడుతుండు." నాలుగేళ్లకు కార్డు మీద 'మధ్యస్థం' పడింది. ఆ రోజు చాచా ల్యాబు గడపలోనే నా వీపు మీద ఒక్కటి చరిచి, "పాసయిన బేటా!" అన్నాడు. బలవంతంగా చాయ్ తాగించాడు. నాకూ గర్వం తక్కువేం కాలేదు.

ఆ మరుసటి ఎండాకాలమే పట్టాదారు ఆ భూమిని ప్లాట్ల వెంచర్‌కు అమ్మేశాడు. ఆయన్ని తిట్టి ఏం లాభం? ఆయన భూమి ఆయన అమ్ముకున్నాడు. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది?

గ్రేడర్ వచ్చి పై ఒడ్డును చదును చేసేసింది. చాచా అడ్డం పడలేదు, గొడవ చేయలేదు. వెంచర్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, "సారూ, భూమి మీదే. నేను తోలించిన మట్టి జర ఎత్తుకపోనియ్యి," అని బతిమాలాడు.

సూపర్‌వైజర్ నవ్వాడు. "మట్టే గద చాచా, తీస్కపో. పొద్దుగూకే దాకనే."

చాచా నుంచి ఫోన్ రాగానే సెలవు పెట్టి, పార పట్టుకుని ఉరికాను. తవ్వి కుప్ప పోసిన మట్టి ఎండకూ గాలికీ ఆరితే అందులోని కర్బనం మెల్లమెల్లగా గాలిలో కలిసిపోతుందని నాకు తెలుసు. ఒడ్లు లేని వాలు మీద వదిలేస్తే, మొదటి పెద్ద వానకే మట్టంతా మళ్లీ చెరువు పాలవుతుందనీ తెలుసు. ఎటు చూసినా పోయేదే. ఆయన వంగి, చేత్తో నలిపి చూసి, నల్లగా ఉన్నంత మేరకే ఎత్తుతున్నాడు. గరుసు తగలగానే ఆపేస్తున్నాడు, వాళ్లది వాళ్లకే ఉండాలని. ఆ మనిషికి ఏమని చెప్పను?

చాచా కిరాయికి తెచ్చిన ట్రాక్టర్ ట్రాలీ మూడింటికి నిండింది. ట్రాక్టర్ డ్రైవర్ ఇంజిన్ స్టార్ట్ చేసి వెనక్కి తిరిగాడు.

"యాడ పొయ్యాలె చాచా?"

చాచా నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. పొద్దుటి నుంచి ఇద్దరం ఎత్తడం గురించే ఆలోచించాం. పోసుకోవడానికి ఆయనకు జానెడు జాగా లేదన్న సంగతి ఇద్దరికీ తట్టనే లేదు. థూ, ఏం తెలివి మాది! మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు, వాళ్ల ఇంటి ముందు మురుగు మోరీ.

"నువ్వు చెప్పు బేటా. ల్యాబుల పనిచేస్తవ్ గద."

నాకు ఏడుపొచ్చింది. "నాకు తెల్వదు చాచా."

ఆయన ట్రాలీ అంచు మీది మట్టిని అరచేత్తో లోపలికి నెట్టాడు. తర్వాత డ్రైవర్‌తో, "ఎత్తిన తాననే పొయ్యి," అన్నాడు.

ట్రాలీ లేచింది. మట్టి జారి మళ్లీ చెల్కలోనే కుప్ప పడింది. చాచా పార తీసుకుని ఆ కుప్పను సర్దడం మొదలుపెట్టాడు, వాలుకు అడ్డంగా, ఒడ్డు పోసినట్టే. నేనూ పార అందుకున్నాను. గ్రేడర్ డ్రైవర్ అవతల బీడీ ముట్టించుకుని, మా పని అయ్యేదాకా ఆగాడు.