తెరచాప గుడ్డతో కుట్టిన చుక్క

నా చిన్నప్పుడు క్రిస్మస్ నెల వచ్చిందంటే మా పేటలో ముందు వినబడేది డోలు చప్పుడే. సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బల వెనక మా పేట. అందరూ చేపల వేటకు వెళ్లే వాళ్లే గానీ ప్రభువును నమ్ముకున్న ఇళ్లు కొన్నే. దీపాలు పెట్టే వేళకు మా సంఘం వాళ్లు డోలు, తాళాలు పట్టుకుని ఆ కొన్ని ఇళ్లకూ పాడుకుంటూ వచ్చేవారు. పాటలో ప్రతి చరణమూ ముందు మా అమ్మ అందించేది, తరువాత అందరూ ఎత్తుకునేవారు. బడి మొహం ఎరగని నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించిందీ, బైబిలు వాక్యం చదవడం నేర్పిందీ ఆ గొంతే.

ఒక ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. మా నాన్న తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నాన్న రాలేదు.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుండిపోయింది. ఇరుగుపొరుగు గంజి తెచ్చిపెడితే ఒక గుక్క తాగి గిన్నె పక్కకు జరిపేసేది. ఎవరితోనూ మాట లేదు.

మా వైపు చావు జరిగిన ఇంటికి ఏడాదిపాటు పండగ ఉండదు. ఏ దేవుణ్ణి కొలిచేవాళ్లకైనా అదే పద్ధతి. అలాంటి ఇంటి ముందుకు రాగానే డోలు ఆపి, తల వంచుకుని దాటిపోవడం మర్యాద. మా సంఘం వాళ్లూ ఆ మర్యాద తప్పేవారు కాదు. మమ్మల్ని ఇంకా నొప్పించకూడదనే వాళ్ల ఉద్దేశం. ఆ సంగతి నాకేం తెలుసు? క్రిస్మస్ మా ఇంటిని వదిలేసి పోతుందని ఒకటే దిగులు.

"డోలు మనింటికి రాదా మామ్మా?" అని అడిగాను.

మామ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి, లేచి వెళ్లి నాన్న తెప్ప మీది చిరుగుల తెరచాప ఊడదీసి తెచ్చింది. వెదురు బద్దలు చీల్చి క్రిస్మస్ చుక్కలా కట్టింది. ఏటా నాన్న దానికి రంగు కాగితం అంటించేవాడు. ఆమె తెరచాప గుడ్డ కోసి, వల కుట్టే దారంతో చుట్టూ బిగించి కుట్టింది.

పక్కింటి అత్త చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఇదేటిది ముసలీ! కొడుకు పోయిన కన్నీరు ఆరనేదు, సుక్క కడతన్నావా? నలుగురూ ఏటనుకుంతారు?"

"అనుకోనీ. తెరసాప నా కొడుకుది, ఇల్లు నాది, పండగ నా పెబువుది. మద్దిని ఆ నలుగురెవులే?" అంది మామ్మ తల ఎత్తకుండానే.

చుక్కలో లాంతరు పెట్టి గుమ్మానికి వేలాడదీసింది. గుడ్డ దళసరి కదా, వెలుగు మసకగా వచ్చింది. నాన్న వేసిన అతుకులు మాత్రం స్పష్టంగా కనిపించాయి.

ఆ సాయంత్రం డోలు మా వీధి మలుపు దాకా మోగుతూ వచ్చి టక్కున ఆగిపోయింది. అందరూ తలలు వంచుకుని నడుస్తున్నారు. మామ్మ కర్ర పుచ్చుకుని దారికి అడ్డంగా నిలబడింది.

"ఏటిరా, మా గుమ్మం కాడికొచ్చేసరికి మీ డోలు సచ్చిపోనాదా?"

ముందు నడుస్తున్న పాస్టరు అయ్యగారు తడబడ్డారు. "అది కాదు మామ్మా, ఇంత కష్టం జరిగిన ఇంటి ముందు పాడితే బాగుండదని..."

"అయ్యగారూ, మరియమ్మకి నొప్పులొచ్చినపుడు ఊరు ఊరంతా సోటు నేదన్నాది. పసిగుడ్డుని పసువుల తొట్టిలో పడుకోబెట్టుకున్నాది. ఆ గుడ్డుని సంపడానికి రాజు కత్తులంపినాడు. మీరు పాడతన్నది ఆ పుట్టుక గురించేనా? మరైతే ఏడుపున్న ఇల్లు దాటిపోయి ఎవులింటికెల్తారు? నవ్వుతున్నోలింటికి రేపెల్లినా సరిపోతాది. కొట్టండ్రా!"

డోలు మెడలో వేసుకున్నది నాన్నతో వేటకెళ్లే మావ. దాని మీద దెబ్బ వేశాడు. పాట మొదలైంది. మొదటి చరణం ఎలాగో గడిచింది. రెండోది ఎవరికీ అందలేదు. కొందరికి ఏడుపు అడ్డం, కొందరికి అసలు మాటలే గుర్తు లేవు. ఏటా అందించే మనిషి లోపల పడుకుని ఉంది మరి. డోలు ఒక్కటే మోగుతోంది.

అప్పుడు చీకటి గదిలోంచి అమ్మ రెండో చరణం అందించింది. బొంగురు గొంతు, సగంలో తెగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. మూడో చరణానికి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఒలే కోడలా, పొయ్యి ముట్టించు. పాడినోలకి బెల్లం టీ అయినా ఇవ్వాలా వద్దా?" అని కసిరింది.

అమ్మ ఆ తరువాత కూడా చాలా ఏడ్చింది. నాన్న తిరిగి రాలేదు. కానీ దుఃఖమున్న ఇంటికే ముందు వచ్చే దేవుడు మాకున్నాడని ఆ సాయంత్రం నేను కళ్లారా చూశాను. అంతటి మామ్మను నాకిచ్చినందుకు ఈనాటికీ ఆయనకు స్తోత్రం చెప్పుకుంటాను.

ఈ ఏడు వానాకాలంలో మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మొన్న విజయనగరం నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "ఈ ఏడు మనకి పండగ నేదు కదమ్మా, స్టార్ కట్టకు" అన్నాడు. అప్పటికే ఆయన తెల్ల పంచె కోసి, సగం కుట్టేశాను. మిగతా సగం కుట్టడానికి వాణ్ణి రమ్మన్నాను. సంఘం కుర్రాళ్లకు కూడా కబురు పెట్టాను, ముందు మా గుమ్మానికే రమ్మని, వచ్చి డోలు గట్టిగా కొట్టమని.